మిగిలిపోయిన ట్రేడు

పదిహేనేళ్లు వచ్చిన దగ్గర్నుంచీ మా అబ్బాయి నాతో మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఊఁ", "తెలీదు", "ఓకే నాన్నా". వారమంతా ఈ మూడింటితోనే నెట్టుకొస్తాడు. ఒక్క గురువారం సాయంత్రం మాత్రం వేరు. ఆరు దాటి, ఆ వారం మ్యాచ్‌లకు జట్లు ప్రకటించే వేళయ్యేసరికి వాడే లాప్‌టాప్ పట్టుకొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాడు. "నాన్నా, రా. టీమ్స్ వచ్చేస్తున్నాయి." ఇక గంటసేపు వాడి నోటికి ఆనకట్ట ఉండదు.

మా ఆవిడ ఆ గంటసేపు మా జోలికి రాదు. పప్పులో పోపు వేసుకుంటూ వింటూ ఉంటుంది. ఒకసారి మాత్రం అడిగింది, "మీరు కొంటున్నదీ అమ్ముతున్నదీ నిజం మనుషుల్నేనా?" అని. "మనుషులు నిజమే, డబ్బులే ఉత్తుత్తివి" అన్నాను. ఆ జవాబు అప్పట్లో నాకు భలే నచ్చింది.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లో. 2009లో చంటిపిల్లాడితో దిగాం. నేను ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. ఇక్కడ సోమవారం పొద్దున్న టీ గదిలో ఫుటీ తప్ప ఇంకో మాట ఉండదు. ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. క్రికెట్ గ్రౌండంత కోడిగుడ్డు ఆకారపు మైదానం, కోలగా ఉండే బంతి, జట్టుకి 18 మంది, నాలుగు క్వార్టర్లు. కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు, ఎదుటివాడి భుజాలెక్కి గాల్లో పట్టుకోవచ్చు. మధ్య స్తంభాల మధ్యలోంచి తంతే 6, పక్క స్తంభాల్లోంచి పోతే 1. ఇంత చెప్పడం నాకిప్పుడు తేలికే గానీ, మొదటి పదేళ్లూ ఆ టీ గదిలో నేను చేసింది తలూపడం ఒక్కటే.

ఒక ఏడాది మా సూపర్‌వైజర్ వచ్చి, "మన డిపో ఫాంటసీ లీగులో ఒక టీము తక్కువైంది, చేరతావా?" అని అడిగాడు. కాదంటే బాగోదని చేరాను. ఇంటికొచ్చి వాడికి చూపిస్తే వాడి మొహం వెలిగిపోయింది. అప్పటికే స్కూల్లో కాలింగ్‌వుడ్ అభిమానిగా పేరు తెచ్చుకున్నాడట, నాకే తెలీదు. అలా ఇద్దరం కలిసి ఒక టీము నడపడం మొదలుపెట్టాం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేమాడే సూపర్‌కోచ్‌లో సుమారు కోటి డాలర్ల ఉత్తుత్తి డబ్బిస్తారు. 2023లో దాంతో 30 మంది అసలు ఆటగాళ్లను కొనుక్కోవాల్సొచ్చేది. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, రక్‌లు, ఫార్వర్డ్‌లు, ఇలా వరసలవారీగా. అప్పట్లో మైదానంలో 22 మంది, బెంచీ మీద 8 మంది. వాళ్లు నిజం మ్యాచ్‌లో ఎలా ఆడితే మనకలా పాయింట్లు. ప్రతి మ్యాచ్‌లోనూ ఆటగాళ్లందరికీ కలిపి పంచేది 3300 పాయింట్లు. అక్కరకొచ్చిన తన్నుకి ఎక్కువ, చేజార్చుకున్న బంతికి కోత. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడి పాయింట్లు రెట్టింపు. బాగా ఆడినవాడి ధర పెరుగుతుంది, ఆడనివాడిది తగ్గుతుంది. ఒకణ్ణి తీసేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవడమే ట్రేడ్. ఆ ట్రేడ్‌లు సీజన్ మొత్తానికి ఇన్ని అని లెక్క. అయిపోతే అంతే, మన జట్టులో సగంమంది కాళ్లు విరిగి ఆసుపత్రిలో ఉన్నా చూస్తూ కూర్చోవడమే.

లీగు ఫైనల్స్ సీజన్‌లో ఆఖరి నాలుగు వారాలు. అసలు ఫైనల్స్ మొదలయ్యేసరికి మావి అయిపోతాయి. సెప్టెంబరులో ఊరంతా ఊగిపోతుంటే మేం పెళ్లయిపోయిన పందిరిలా ఉంటాం.

నా స్వభావం దాచుకునే స్వభావం. రబ్బరుబ్యాండు దగ్గర్నుంచీ పారెయ్యలేను. అందుకేనేమో డిపోలో అందరూ జూన్‌కల్లా ట్రేడ్‌లు ఊదేసి దిక్కులు చూస్తుంటే, 2023లో నేను నాలుగు ట్రేడ్‌లు చేత పట్టుకుని ఫైనల్స్‌లో అడుగుపెట్టాను. దాంతో పెద్దమనిషినైపోయాను. టీ గదిలో నా చుట్టూ చేరి అడిగేవాళ్లు, "వీణ్ణి ఉంచనా, తీసెయ్యనా?" పదేళ్లు తలూపినవాణ్ణి, ఇప్పుడు నేను చెప్తుంటే వాళ్లు తలూపుతున్నారు. చెప్పొద్దూ, ఆ సుఖం ఇంకెందులోనూ లేదు.

మాది భీమవరం దగ్గర పల్లె. మా మావయ్యకి కుక్కుటశాస్త్రం కంఠతా వచ్చు. ఏ రోజు, ఏ వేళ, ఏ రంగు పుంజుని బరిలోకి దించాలి, డేగ మీద కాకి ఎప్పుడు గెలుస్తుంది, నెమలి ఎప్పుడు ఓడుతుంది, అన్నీ చెప్పేవాడు. సంక్రాంతి ముందు పదిరోజులూ ఊళ్లో సగంమంది మా అరుగు మీదే ఉండేవాళ్లు. ఇక్కడ ఫాంటసీ ట్రేడ్ సలహాల పాడ్‌కాస్ట్‌లు వింటుంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చేది. అదే ధీమా, అదే గొంతు తగ్గించి చెప్పడం, ఓడాక అదే సర్దుబాటు: శాస్త్రం తప్పు కాదు, వేళ తప్పింది.

అయినా ఫైనల్స్‌కి పనికొచ్చే శాస్త్రం ఒకటుంది. నేను టీ గదిలో చెప్పింది ఇదీ.

మొదటిది, ఫైనల్స్‌లో ధర మర్చిపోవాలి. సీజన్ మొదట్లో చవక కుర్రాళ్లను కొని, ధర పెరిగాక అమ్ముకుని, ఆ డబ్బుతో పెద్దవాళ్లను తెచ్చుకుంటాం. నాలుగు వారాల్లో దుకాణం మూసేస్తున్నప్పుడు గల్లాపెట్టెలో డబ్బుంచుకుని ఏం లాభం? ఉన్నదంతా మైదానంలో దించాల్సిందే.

రెండోది, ఇక్కడ మనం ఆడేది లోకంతో కాదు, ఆ వారం ఎదురున్న ఒక్కడితో. ఇద్దరి జట్లలోనూ ఉన్నవాడు ఇద్దరికీ లేనట్టే. బాంటెంపెల్లి నా దగ్గరా ఉన్నాడు, నీ దగ్గరా ఉన్నాడు, వాడు 150 కొడితే నాకేంటి, నీకేంటి? కాబట్టి ఎదుటివాడి జట్టు ముందేసుకుని, తేడా ఉన్నవాళ్లను మాత్రమే చూడాలి. రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో చూసుకోవడం లాంటిదే. మనది బలమైన జట్టయితే వాడి కెప్టెన్‌నే మనమూ పెట్టుకోవాలి. బలహీనమైతే వేరేవాణ్ణి పెట్టి తెగించాలి.

మూడోది, వైస్ కెప్టెన్‌ని శుక్రవారం ఆడేవాళ్లలోంచి ఎంచుకోవాలి. వాడు దంచితే, ఆ వారం ఆడని వాడెవడికో కెప్టెన్సీ కట్టబెట్టొచ్చు. కెప్టెన్ ఆడకపోతే వైస్ కెప్టెన్ పాయింట్లే రెట్టింపవుతాయి. దీన్ని లూప్‌హోల్ అంటారు. దానికి ఆడనివాడొకడు జట్టులో ఉండాలి, బెంచీ మీద ఎమర్జెన్సీగా పనికొచ్చేవాడూ ఉండాలి.

నాలుగోది, పట్టికలో పైనున్న జట్లనీ, అడుగునున్న జట్లనీ ఒకేలా అనుమానించాలి. అడుగున ఉన్నవాళ్లు ఆశలు వదులుకుని ఆటగాళ్లను ముందుగానే ఆపరేషన్లకు పంపేస్తారు. పైనున్నవాళ్లు అసలు ఫైనల్స్ కోసం విశ్రాంతినిస్తారు. 2015లో ఆఖరి రౌండులో ఫ్రీమాంటిల్, నార్త్ మెల్‌బోర్న్ జట్లు రెండూ గుంపుగా ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టాయి. ఆ గొడవతోనే 2016లో ఫైనల్స్‌కి ముందు ఒక వారం ఖాళీ పెట్టారు.

ఐదోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: ట్రేడ్ దాచుకో. దెబ్బ ఎప్పుడు తగులుతుందో చెప్పలేం.

దెబ్బ మొదటి వారమే తగిలింది. ఆగస్టు 5, శనివారం, ఎంసీజీ. కాలింగ్‌వుడ్‌కీ హాథార్న్‌కీ మ్యాచ్. మా కెప్టెన్ నిక్ డేకోస్. ఆ ఏడాది అంతా వాడే మా ఇంటి దేవుడు. మావాడి గదిలో గోడ మీద వాడి బొమ్మ. హాథార్న్ వాళ్లు ఫిన్ మగినెస్ అనే అతన్ని డేకోస్‌కి నీడలా తగిలించారు. మ్యాచ్ మొత్తం మీద బంతి అతనికి అందింది ఐదుసార్లు. అది చాలదన్నట్టు మోకాలి ఎముకకి సన్నటి పగులని తర్వాత తేలింది. ఆరు వారాల దాకా రాడన్నారు. కెప్టెన్ కాబట్టి ఆ దరిద్రం రెట్టింపైంది. ఆ వారం ఓడాం. నాలుగో స్థానంలో ఉన్నాం గనక రెండో అవకాశం దక్కి బతికాం.

గురువారం ఇద్దరం కూర్చున్నాం. డేకోస్ పేరు పక్కన ఎర్ర గుర్తు. మావాడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం లెక్కల్లో పడ్డాను. "తీసెయ్యాల్సిందే. ఎవర్ని తెద్దాం?" అన్నాను. వాడు నెమ్మదిగా, "మెరెట్" అన్నాడు. జాక్ మెరెట్ అప్పట్లో ఎసెండన్ కెప్టెన్. కాలింగ్‌వుడ్‌వాడికి ఎసెండన్ అంటే గోదారోడి ముందు పులుసు సరిగ్గా పెట్టలేదన్నంత మంట. ఆ మాట అనడానికి వాడెంత మింగుకున్నాడో నాకు తెలుసు. డేకోస్‌ని నేనే నొక్కి తీసేశాను.

తర్వాతి రెండు వారాలూ గెలిచాం, వారానికో ట్రేడ్ వాడి. గ్రాండ్ ఫైనల్‌కి వచ్చేసరికి మా దగ్గర ఒకటే ట్రేడ్ మిగిలింది. ఎదురుగా మా డిస్పాచ్‌లో పనిచేసే ఒకావిడ. టీ గదిలో నా సలహాలన్నీ మౌనంగా వినేది. ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు.

ఆ ఆఖరి వారం శుక్రవారం రాత్రి మ్యాచ్ కాలింగ్‌వుడ్‌కీ ఎసెండన్‌కీనే. "కాలింగ్‌వుడ్ వంద పాయింట్లతో గెలవాలి, కానీ బంతి మాత్రం ఎప్పుడూ మెరెట్ దగ్గరే ఉండాలి" అన్నాడు మావాడు. ఆ గురువారం వాడికి ఒకటే పట్టు. మా ఆరో ఫార్వర్డ్ మూడు వారాల నుంచీ నీరసంగా ఆడుతున్నాడు, వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి తెద్దామని. నేను వద్దన్నాను. "ఉన్నది ఒక్క ట్రేడ్. ఆదివారం ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే? అప్పుడేం చేస్తాం?"

"నాన్నా, ఇదే ఆఖరి వారం. దీని తర్వాత ఇంకేం లేదు."

"అందుకే జాగ్రత్తగా ఉండాలి."

ఎవరూ తప్పుకోలేదు. ఎవరికీ మోకాలు పట్టెయ్యలేదు. ఆదివారం ఆఖరి మ్యాచ్ మొదలవగానే ట్రేడ్ బొత్తం బూడిదరంగులోకి మారిపోయింది. మేం 9 పాయింట్ల తేడాతో ఓడాం. వాడు తెద్దామన్నవాడు మా ఫార్వర్డ్ కంటే 9 కాదు, ఇంకా చాలా ఎక్కువే కొట్టాడు. మావాడు అరవలేదు, అలగలేదు. "ఆ మిగిలిన ట్రేడ్ ఇండియా తీసుకెళ్తావా నాన్నా? లగేజీలో బరువేం ఉండదులే" అని లాప్‌టాప్ మూసేశాడు. సోమవారం టీ గదిలో డిస్పాచ్ ఆవిడ నా దగ్గరికొచ్చి, "నీ సలహాలు బాగా పనికొచ్చాయి. ఐదోది తప్ప" అని నవ్వింది.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

సెప్టెంబరు 7, గురువారం రాత్రి. అసలు ఫైనల్స్ మొదటి మ్యాచ్, కాలింగ్‌వుడ్‌కీ మెల్‌బోర్న్‌కీ. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మొదటి క్వార్టర్లో మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా పరిగెత్తుతూ బంతిని తన్నాడు. దాన్ని అడ్డుకోడానికి కాలింగ్‌వుడ్ బ్రేడన్ మేనార్డ్ గాల్లోకి ఎగిరాడు. దిగేటప్పుడు భుజం వెళ్లి బ్రేషా తలకి తగిలింది. బ్రేషా అలాగే పడిపోయాడు. అతను ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకునే ఆడతాడు, అంతకుముందు తలకు తగిలిన దెబ్బల వల్ల. ఆ హెల్మెట్ అలాగే ఉంది, మనిషి మాత్రం కదలడం లేదు. స్ట్రెచర్ పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట: "వీడు మన టీములో లేడు కదా."

మా ఫాంటసీ అయిపోయి అప్పటికి పదకొండు రోజులు. ఎందుకన్నానో నాకే తెలీదు. నెలల తరబడి ఎవడు కింద పడినా అదే అడిగాను. కంకషన్ అంటే కనీసం 12 రోజులు దూరం, అంటే తర్వాతి మ్యాచ్ పోయినట్టే, అంటే ట్రేడ్ చెయ్యాలా వద్దా. 2021లో ఆ నిబంధన తెచ్చింది మెదడు కోలుకోడానికి. నేను మాత్రం దాన్ని ఒక వారం పాయింట్ల నష్టంగానే చదువుకున్నాను.

మావాడు టీవీ మీంచి చూపు తిప్పి నావైపు చూశాడు. "నాన్నా, అతను లేవట్లేదు" అన్నాడు.

ఆ రాత్రి కాలింగ్‌వుడ్ 7 పాయింట్లతో గెలిచింది. వాడు చప్పట్లు కొట్టలేదు. కొట్టినవాడూ వాడి జట్టువాడే కదా. మేనార్డ్ తప్పు లేదని తర్వాత ట్రిబ్యునల్ తేల్చింది. ఉందా లేదా అని మా టీ గది వారం రోజులు కొట్టుకుంది. ఆ వారం నేను మాట్లాడలేదు.

నాకు గుర్తొచ్చింది వేరే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మావయ్య ఒక డేగ పుంజుని పెంచాడు. బాదంపప్పు, ఉడికించిన గుడ్డు నా చేత్తోనే తినిపించేవాణ్ణి. నేను పిలిస్తే వచ్చేది. భోగినాడు బరిలోకి దింపారు. శాస్త్రం ప్రకారం గెలవాల్సిన వేళ. కత్తి ఎక్కడ తగిలిందో నాకు కనపడలేదు, పక్కకి ఒరిగిపోవడమే కనపడింది. నేను ఏడుస్తూ లోపలికి పరిగెత్తబోతే మావయ్య నా రెక్క పట్టుకు ఆపి, వెనక్కి తిరిగి ఎవర్నో అడిగాడు, "దీని మీద ఎంత పెట్టాం రా?" మావయ్య చెడ్డవాడు కాదు. మా అందరికంటే ఆ పుంజుని ముద్దు చేసినవాడు ఆయనే. కానీ మొదట వచ్చిన మాట అది. ఆ మాటకి నేను చాలా ఏళ్లు మావయ్యతో సరిగ్గా మాట్లాడలేదు.

కాలింగ్‌వుడ్ ఆ ఏడాది కప్పు గెలిచింది. డేకోస్ మోకాలు నయమై ప్రిలిమినరీ ఫైనల్‌కి తిరిగొచ్చాడు. గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ మీద 4 పాయింట్ల తేడా. మావాడు ఆ రోజు వీధిలోకి పరిగెత్తి అరిచిన అరుపుకి పక్కింటి పంజాబీ తాతగారు బయటికొచ్చారు. నేనూ అరిచాను. గోడ మీద బొమ్మ గోడ మీదే ఉంది. నేను ఎర్ర గుర్తు చూసి తీసేసినవాణ్ణి వాడు తీసెయ్యలేదు.

2024 ఫిబ్రవరిలో, వైద్యుల సలహా మీద బ్రేషా ఆట మానేస్తున్నాడని వార్త వచ్చింది. వయసు 28. అదే రోజుల్లో మా బల్ల మీద ఇంకో కాగితం ఉంది. మా పేట జూనియర్ క్లబ్బులో చేరడానికి తల్లిదండ్రుల సంతకం. మావాడు రెండేళ్లుగా అడుగుతున్నాడు, నేను "చూద్దాం" అంటూ నెట్టుకొస్తున్నాను. ట్రేడ్ దాచినట్టే దాన్నీ దాచాను.

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. "హెల్మెట్ పెట్టుకుంటే ఏమీ కాదా?" అంది. మావాడు అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "బ్రేషా పెట్టుకున్నాడమ్మా" అన్నాడు. ఆవిడ నావైపు తిరిగి, "ఊళ్లోవాళ్లందరికీ చెప్తారుగా, ఎవర్ని దించాలో, ఎవర్ని ఆపాలో. ఇప్పుడు చెప్పండి" అంది.

నా దగ్గర లెక్క లేదు. చెప్పొచ్చిందల్లా, తలకి చిన్న దెబ్బ తగిలినా దాచకూడదని వాడి దగ్గర మాట తీసుకోవడం, డాక్టరు ఆపమంటే ఎంత పెద్ద ఫైనలైనా ఆపెయ్యాలని రెండో మాట తీసుకోవడం. మూడోది నేనిచ్చిన మాట. ఆదివారాల ఓవర్‌టైం మానేసి ప్రతి మ్యాచ్‌కీ గీత పక్కన నిలబడతానని. మా ఆవిడ ముందు సంతకం పెట్టింది, తర్వాత నేను.

ఫాంటసీ మానలేదు. గురువారం సాయంత్రాలు అలాగే ఉన్నాయి, సలహాలూ ఇస్తూనే ఉన్నాను. ఐదోదాన్ని మాత్రం కొంచెం మార్చాను: ట్రేడ్ ఆఖరి వారం దాకా దాచు, ఆఖరి వారం మాత్రం దాచకు. ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. మైదానంలో ఎవడైనా పడితే, లేచి నిలబడేదాకా ఆప్ తెరవకూడదు.

మావాడి మొదటి మ్యాచ్ ఒక చలి ఆదివారం పొద్దున్న. రెండో క్వార్టర్లో బంతి కోసం నలుగురు ఒకేసారి ఎగిరారు. అందరికంటే కింద మావాడు. అదే సమయంలో నా జేబులో ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మోగిందంటే మా సూపర్‌వైజరే, మధ్యాహ్నం మ్యాచ్‌కి ఎవర్నో ఉంచాలా తియ్యాలా అని. నేను గీత దగ్గర నిలబడి ఆ కుప్పలోంచి ఒక్కొక్కడే లేవడం చూస్తున్నాను. ఒకడు లేచాడు. ఇంకొకడు లేచాడు. మూడోవాడు లేచి కిందికి చెయ్యందించాడు. మావాడు ఆ చెయ్యి పట్టుకుని లేచి, మోకాలి మీది బురద దులుపుకుని, నావైపు చూడకుండానే బంతి వెంట పరిగెత్తాడు.

ఫోన్ అప్పుడు తీశాను.